మా అమ్మమ్మని కొల్లేట్లో ముంచిన వ్యాసం

మా అమ్మమ్మ చనిపోయిందని ఆ మధ్య ఒక ఆదివారం మా చర్చిలో అందరికీ ఒకేసారి తెలిసిందండీ. మా అమ్మమ్మకి కూడా అప్పుడే తెలిసింది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుంటూ, తన చావు కబురు తనే విన్నది పాపం.

నవ్వకండి. టీ తాగుతూ వినండి. చంపింది నేనే కాబట్టి మొదటి నుంచీ నేనే చెప్పాలి.

నేను భీమడోలులో చేపల చెరువుల నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను కదా. రైతులు బాటిళ్లలో చెరువు నీళ్లు పట్టుకొస్తారు. నేను అమోనియా ఎంతుంది, పీహెచ్ ఎంతుంది అని చూసి కాగితం మీద రాసిస్తాను. పొద్దున్నే ఏలూరులో ట్రైన్ ఎక్కడం, సాయంత్రానికి ఒళ్లంతా చెరువు వాసనతో తిరిగి రావడం. వచ్చేటప్పుడు నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఈ ఉద్యోగంలో ఉన్న సదుపాయం అదొక్కటే.

ఇలా ఎన్నాళ్లని చెప్పి, ఎమ్మెస్సీ చేద్దామని బుద్ధి పుట్టింది. చెరువులు, సరస్సుల నీళ్ల మీద చదువు చెప్పే పెద్ద ఇన్‌స్టిట్యూట్ ఒకటి వేరే రాష్ట్రంలో ఉంది. స్కాలర్‌షిప్‌తో సీటొస్తే చదువుతాను. రాకపోతే ఆ ఫీజులు కట్టే స్తోమత మాకు లేదు, బాటిళ్లు కడుక్కోవడమే. మార్కులు సరిపోయాయి. తాడేపల్లిగూడెంలో నాకు డిగ్రీలో పాఠాలు చెప్పిన లెక్చరర్ గారు సిఫారసు లెటర్ కూడా ఇచ్చారు. ఇక మిగిలింది ఎస్సోపీ. అంటే ఏం లేదండీ, ‘నేను ఈ చదువే ఎందుకు చదవాలనుకుంటున్నాను’ అని ఇంగ్లీషులో ఒక పేజీ రాసివ్వాలి.

వారమంతా కుస్తీ పడితే ఒక వాక్యం వచ్చింది. ‘ఐ లైక్ వాటర్.’ రెండో వాక్యం ఎంత బతిమాలినా రాలేదు.

ల్యాబ్‌లో నాతో పాటు ప్రసాద్ అని గణపవరం అబ్బాయి పనిచేస్తాడు. నా అవస్థ చూసి జాలిపడ్డాడు.

“ఏంటి కరుణ గారూ, ఈ రోజుల్లో కూడా సొంతంగా రాసుకోవడం ఏంటండీ? ఏఐకి చెప్తే చిటికెలో రాసేస్తుందండీ. మా బావ పెళ్లి కార్డు అదే రాసింది.”

“బాగా రాసిందాండీ?”

“బ్రహ్మాండంగా రాసిందండీ. ముహూర్తం టైమ్ ఒక్కటే తప్పు పడింది.”

అంత మంచి సర్టిఫికెట్ విన్నాక ఇంకా ఆలోచిస్తానా? భోజనాల వేళ ఫోన్ తీసి, నాది ఏలూరు, కొల్లేరు దగ్గర పని, నీళ్ల మీద చదువు కావాలి, ఎస్సోపీ రాసిపెట్టు అన్నాను. రాసింది. ‘చిన్నతనం నుంచీ నాకు నీటి వనరుల పట్ల అమితమైన ఆసక్తి’ అని మొదలుపెట్టి, చివరిదాకా ఒక్క తప్పు లేకుండా, ఒక్క ముక్క పనికిరాకుండా రాసింది. కింద మర్యాదగా అడిగింది కూడా. మీ జీవితంలో జరిగిన సంఘటన ఏదైనా చెప్పండి, దాని చుట్టూ రాస్తాను అని.

నా జీవితంలో సంఘటనలేముంటాయండీ? బాటిల్ వస్తుంది, బాటిల్ వెళ్తుంది. “నువ్వే ఏదో ఒకటి రాసెయ్, మనసు కదలాలి” అన్నాను.

కాదనే అలవాటు దానికి లేదు. వెంటనే మా నాన్న కొల్లేట్లో పడవేసుకుని వల విసిరే నిరుపేద జాలరి అయిపోయారు. మా నాన్న ఏలూరులో బస్సు కండక్టరండీ. ఆయన జన్మలో చేపని పట్టుకున్నది కంచంలోనే. ఇంకొంచెం కష్టాలు కావాలన్నాను. మా డాబా ఇల్లు కాస్తా సరస్సు మధ్య లంకలో తాటాకు గుడిసె అయింది. గుడిసెలో దీపం కూడా లేదు. నాకు ఆశ పెరిగింది. “ఇంకా ఏడిపించాలి” అన్నాను.

అప్పుడు చంపింది మా అమ్మమ్మని.

‘అక్షరం ముక్క రాని మా అమ్మమ్మ నాకు నీటి భాష నేర్పింది. వరద వచ్చిన రోజు సరస్సు ఆమెను తనలో కలిపేసుకుంది. నా చెయ్యి జారిపోతుండగా ఆమె అన్న ఆఖరి మాట ఒక్కటే: ఈ నీటిని కాపాడు తల్లీ.’

వరదలో కొట్టుకుపోతున్న మనిషి అంత నిదానంగా వాక్యం పూర్తి చేస్తుందా అన్న అనుమానం నాకు రావాలా వద్దా? రాలేదు. పైగా కన్నీళ్లొచ్చాయి. అమ్మమ్మ ఇంట్లో కాళ్లకి నొప్పుల మందు రాసుకుని సీరియల్ చూస్తూ ఉంటే, ఇక్కడ ల్యాబ్‌లో కూర్చుని ఆవిడ కోసం నేను ముక్కు చీదుకున్నాను. ప్రసాద్ నా భుజం మీంచి చదివి కంగారు పడ్డాడు.

“అయ్యో! అమ్మమ్మగారు ఎప్పుడు పోయారండీ?”

“ఇప్పుడేనండీ” అన్నాను.

పేజీ అడుగున అది ఒక మాట రాసింది. ‘ఇందులో కొన్ని వివరాలు నేను ఊహించినవి. పంపే ముందు మీ నిజమైన అనుభవాలతో మార్చుకోండి’ అని. ఆ పేజీ మొత్తంలో నిజం అన్నది అదొక్కటే. దాన్ని శుభ్రంగా డిలీట్ చేసి, మిగతాది శనివారం అప్‌లోడ్ చేసేశాను.

అక్కడితో అయిపోతే మీకీ కథ దక్కేది కాదు. ఇంట్లో మా అమ్మ ఉంది కదా!

మా ఇంట్లోంచి ఏ కాగితం బయటికెళ్లినా ముందు దాని మీద ప్రార్థన జరగాలి. ఒక్క మా అమ్మకే కాదు, మా చర్చిలో అందరికీ అదే పద్ధతి. హాల్ టికెట్లు, రక్తపరీక్ష రిపోర్టులు, కొత్త బండి తాళాలు, అన్నీ ఆదివారం పూట పాస్టర్ అయ్యగారి ముందు బల్ల మీదకి చేరతాయి. ఒకసారి వరి విత్తనాల బస్తా కూడా వచ్చింది. నేను అప్లికేషన్ పంపేశానని చెప్పగానే అమ్మ బెంబేలెత్తిపోయింది.

“ప్రార్థన చేయించకుండా పంపేశావా?”

“ఆన్‌లైన్ అమ్మా. కాగితమే లేదు.”

“కాగితం లేకపోతే తియ్యి. జిరాక్స్ షాపులు మూసేశారా? కాపీకి చేయిస్తే అసలుదానికీ తగుల్తుంది.”

ప్రింట్ తీసి ఇచ్చాను. భయం ఎందుకండీ? అమ్మకి ఇంగ్లీషు రాదు. మా పాత అయ్యగారు ఐతే కుప్ప మొత్తం మీద ఒక్కసారే చెయ్యి పెట్టి, ఒక్క ఆమెన్‌తో అందరినీ పాస్ చేయించేవారు. ఆయన బదిలీ అయ్యి కాకినాడ వైపు నుంచి కొత్త అయ్యగారు వచ్చి ఇంకా నెల కూడా కాలేదన్న సంగతి నాకు గుర్తే లేదు. ఆయన కుర్రాయన. ఉత్సాహం ఎక్కువ. ఇంగ్లీషు బాగా వచ్చు. ప్రార్థించే ముందు ప్రతి కాగితమూ చదువుతారు. అదే నా కొంప ముంచింది.

ఆ ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల టైముకి నేను పాటలు పాడేవాళ్లతో పక్కన నిలబడి ఉన్నాను. అయ్యగారు మైకు దగ్గరికొచ్చారు. చేతిలో నా ప్రింట్ ఉంది. కళ్లల్లో నీళ్లున్నాయి.

“ప్రియులారా, మన సంఘంలో కరుణ అనే బిడ్డ రాసిన సాక్ష్యం నా హృదయాన్ని ముక్కలు చేసింది. మీరందరూ వినాలి.”

ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం. ఎంత బాగా చదివారంటే, నాదే కాకపోయుంటే నేను కూడా స్తోత్రం చెప్పేదాన్ని. “ఈ బిడ్డ తండ్రి నిరుపేద జాలరి” అనగానే మగవాళ్ల వైపు తలలన్నీ మా నాన్న మీదకి తిరిగాయి. ఇస్త్రీ చొక్కాలో ఆయన వీలైనంత బీదగా కనిపించడానికి ప్రయత్నించారు, కుదరలేదు. “గుడిసెలో దీపం కూడా లేదు” అనగానే మా పక్కింటావిడ మా అమ్మ వైపు అనుమానంగా చూసింది. మొన్ననే మా ఇంట్లో ఏసీ బిగించడం ఆవిడ కళ్లారా చూసింది.

నేను చెయ్యి ఊపాను. అయ్యగారు దాన్ని ఆత్మావేశం అనుకున్నారేమో, గొంతు ఇంకా పెంచారు. అక్షరం ముక్క రాని అమ్మమ్మ వచ్చింది. వరద వచ్చింది. చెయ్యి జారింది. వెనక చాపల మీద ఆడవాళ్లు ఏడుస్తూ “ప్రభువా” అన్నారు.

అప్పుడు ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. మా అమ్మమ్మ లేచింది.

“అయ్యగారండీ.”

“చెప్పండి అమ్మగారూ.”

“ఆ కరుణ నా మనవరాలండీ.”

“దేవునికి స్తోత్రం! అయితే ఆ పోయినావిడ మీకు వియ్యపురాలవుతారాండీ?”

“కాదండీ. ఆవిడ నేనేనండీ.”

అయ్యగారు కాగితం వైపు ఒకసారి, అమ్మమ్మ వైపు ఒకసారి చూశారు. రెంటిలో దేన్ని నమ్మాలో ఆయనకి పాలుపోలేదు.

“చనిపోయానన్నారు, పోనీలెండి. ఈ వయసులో అదేం పెద్ద మాట కాదు,” అంది అమ్మమ్మ. “అక్షరం ముక్క రాదన్నారేంటండీ?”

మా అమ్మమ్మ సుగుణమ్మ గారు మిషన్ స్కూల్లో హెడ్ మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ చర్చిలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ నిదానంగా మగవాళ్ల వైపు తిరిగింది. అక్కడ మా సంఘ పెద్ద ప్రకాశం గారున్నారు. ఆయనకే మనవలున్నారు.

“ఏం ప్రకాశం, నీకు ఎక్కాలు ఎవరు చెప్పారు?”

ప్రకాశం గారు చటుక్కున లేచి చేతులు కట్టుకున్నారు. “మీరేనండీ టీచరుగారూ.”

“చూశారాండీ అయ్యగారూ? ఇంకో మాట. కొల్లేట్లోకి నేనెందుకు దిగుతానండీ? ఆ నీచు వాసన నాకు పడదు.”

అప్పుడు పేలింది నవ్వు. ఒక్క అయ్యగారూ, నేనూ తప్ప చర్చి మొత్తం నవ్వింది. ఆయన ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, జేబులో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు శిక్ష. కోడి కూర వడ్డిస్తే “చచ్చినదాన్ని, నాకెందుకే కూర?” అంటుంది అమ్మమ్మ. బీపీ మాత్ర ఇస్తే “ఇంకా దేన్ని ఆపడానికే?” అంటుంది. పాత స్టూడెంట్లు పరామర్శకని పళ్లు పట్టుకుని వచ్చి నవ్వి పోయారు. పళ్లు మాత్రం ఊరికే పోలేదు, ఆవిడే తిన్నది.

“ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి చెప్పెయ్యి, నేను బతికే ఉన్నానని” అంది ఒకరోజు.

“అప్లికేషన్ ఇక మార్చడానికి లేదమ్మమ్మా. పోర్టల్ మూసేశారు.”

“నేను బతకడానికి పోర్టల్ తెరవాలా?”

నిజం చెప్తే సీటు పోతుంది. చెప్పకపోతే అమ్మమ్మ కాగితాల్లో శవం. నేను సీటు వైపే మొగ్గాను. అమ్మమ్మకి ఎలాగూ భోజనం అరుగుతూనే ఉంది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

ఇంతలో ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అద్దం ముందు నిలబడి విచారంగా తల దించడం ప్రాక్టీస్ చేశాను. ఆ రోజు ముందు గదిలో ప్రసాద్ దగ్గర తెచ్చిన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ వంటింట్లో మోకాళ్ల మీద ప్రార్థనలో ఉంది. అమ్మమ్మని కర్టెన్ వెనక గదిలో కూర్చోబెట్టి, కిక్కురుమనొద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

తెర మీద ఒక మేడమ్, ఒక సార్. మేడమ్ నా వ్యాసం చేతిలో పట్టుకుని ఇంగ్లీషులో అన్నారు. “మీ అమ్మమ్మగారి సంగతి చదివి చాలా బాధపడ్డామండీ.”

ప్రాక్టీస్ చేసినట్టే తల దించాను.

“ఈ ఏడాది ఇలాంటి విషాదాలు చాలా జరిగాయి. అస్సాం నుంచి ఒకరి నాయనమ్మ బ్రహ్మపుత్రలో పోయారు. ఒడిశా నుంచి ఒకరి తాతగారు చిలికాలో పోయారు. ఇంకొకరి మేనత్త డ్యామ్‌లో. విచిత్రమేంటంటే, అందరూ పోతూ పోతూ ఒకే మాట అన్నారు.”

సార్ కాగితాలు తిరగేసి చదివారు. “ఈ నీటిని కాపాడు.”

నాకోసం ప్రత్యేకంగా కుట్టిందనుకున్న గౌను, తీరా చూస్తే స్కూల్ యూనిఫాం! దేశం మొత్తం మీద ముసలివాళ్లందరినీ నీళ్లలోకి తోసి, అందరి నోటా ఒకే డైలాగ్ పలికించింది ఆ ఏఐ మహాతల్లి. చెవులు కాలిపోతున్నాయి నాకు.

“మీ అమ్మమ్మగారి పేరేంటండీ?” మేడమ్ చాలా మామూలుగా అడిగారు.

అంత చిన్న ప్రశ్న. ఆ పేరు చెప్తే నా చేత్తో నేనే డెత్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినట్టు అనిపించింది. నిజంగా భయమేసింది. అప్పుడు నా వెనక కర్టెన్ రింగులు జర్రుమన్నాయి.

“సుగుణమ్మ, మేడమ్. రిటైర్డ్ హెడ్ మిస్ట్రెస్. ప్రెజెంట్, మేడమ్.”

హాజరు పలికిందండీ! గంజి పెట్టిన చీర కట్టుకుని, జడ ముడి వేసుకుని, చెయ్యి పైకెత్తి మరీ పలికింది. అంటే పొద్దుట్నుంచీ రెడీ అయ్యే కూర్చుందన్నమాట.

మేడమ్ ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. “మేడమ్, మీరు మునిగిపోయారా?” అని అడిగారు.

“నో, మేడమ్. నాకు కొల్లేరు నచ్చదు, మేడమ్.”

ఇంక నేను చెప్పక తప్పలేదు. ఏఐ రాసిందని మొదలుపెట్టాను. అమ్మమ్మ వెనక నుంచి దగ్గింది. సరిదిద్దుకున్నాను. అది రాయలేదు మేడమ్, నేనే అడిగి రాయించాను, ఏడిపించమన్నదీ నేనే, నన్ను క్షమించండి అన్నాను. ఈసారి ఏడుపు ప్రాక్టీస్ లేకుండానే వచ్చింది. సీటు పోయిందని తెలిసిపోయింది, అందుకు వచ్చింది.

సార్ ముఖం పక్కకి తిప్పుకున్నారు. నవ్వుతున్నారని తర్వాత అర్థమైంది. మేడమ్ మాత్రం సూటిగా చెప్పారు. “రేపు సాయంత్రంలోగా ఇంకో పేజీ మెయిల్ చెయ్యండి. మీరే రాయండి. ఈసారి దయచేసి ఎవర్నీ చంపకండి.”

మర్నాడు భోజనాల వేళ ల్యాబ్‌లో కూర్చుని రాశాను. ఏం రాయాలో తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. నిడమర్రు వైపు నుంచి అప్పారావు గారని ఒక రైతు వస్తుంటారు. ఆయనకి పక్కపక్కనే రెండు చెరువులు, మధ్యలో ఒక్కటే గట్టు. కాలవ నీళ్లు అవే, మేత అదే. ఒకసారి మబ్బు పట్టి ముసురుపెట్టినప్పుడు ఒక చెరువులో చేపంతా తేలిపోయింది, పక్కదానికి ఏమీ కాలేదు. రెంటి నీళ్లూ కూల్‌డ్రింక్ బాటిళ్లలో తెచ్చారు. పరీక్ష చేస్తే నాకు రెండూ ఒకేలా కనిపించాయి.

“రెండూ ఒకటేనండీ” అన్నాను.

“మరి నా చేప ఎందుకు చచ్చిందండీ అమ్మాయిగారూ?”

తెలియదన్నాను. ఆయన కోప్పడలేదు. “సరేలెండి, మీకూ తెలీదంటే ఇంకెవర్ని అడుగుతాం” అని కండువా దులుపుకుని వెళ్లిపోయారు. బాటిళ్లు బల్ల మీదే వదిలేశారు. చాలా రోజులు వాటిని పారబొయ్యలేకపోయాను. వాటిని చూసినప్పుడల్లా సిగ్గేసేది. చదవాలని అనిపించింది ఆ సిగ్గుతోనే, ఇంకేం లేదు. ఏఐ మొదటి రోజే అడిగింది కదా, మీ జీవితంలో ఒక సంఘటన చెప్పమని? నేనే చెప్పలేదు. అందులో ఏడుపు సరిపోదనుకున్నాను. నేను చెప్పనిది దానికెలా తెలుస్తుందండీ, పాపం!

రాసింది అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. “కొంచెం తప్పులు చూడవా?”

“చచ్చినవాళ్లు పేపర్లు దిద్దరమ్మా” అని టీవీ సౌండ్ పెంచింది.

అలాగే పంపేశాను. చేప మధ్యలో వచ్చింది, గట్టు చివర్లో వచ్చింది, అప్పారావు గారు ఒకచోట ‘హి’, ఇంకోచోట ‘షి’ అయ్యారు. పంపాక చదువుకుంటే నాకే తల తిరిగింది. ఇంక బాటిళ్లు కడుక్కోవడమే అని ఖాయం చేసుకున్నాను.

పోయిన వారం జవాబొచ్చింది. స్కాలర్‌షిప్‌తో సీటు ఇచ్చారండీ! అమ్మ ఏడ్చింది, నేను ఏడ్చాను, అమ్మమ్మ అరటిపండు తిన్నది. ఆ సంతోషంలో మిగతా మెయిల్ ఆలస్యంగా చదివాను.

‘మీ రెండో వ్యాసం కమిటీ సభ్యులందరూ చదివారు. మీరడిగిన ప్రశ్న మాకు నచ్చింది. మీ ఇంగ్లీషు మాత్రం చాలా బలహీనం. ఒక పేరాకీ తర్వాతి పేరాకీ పొంతన లేదు. ఇంత అస్తవ్యస్తంగా ఏ యంత్రమూ రాయలేదు కాబట్టి ఇది మీరే రాశారని కమిటీ ఏకగ్రీవంగా నమ్మింది. చేరిన మొదటి రోజు నుంచే ఇంగ్లీషు క్లాసులకు హాజరు కావలెను.’

అది నాలో నేను చదువుకోవాల్సింది. నాన్న పక్కనుండగా పైకి చదివేశాను. ఇప్పుడు ఆయన ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా బస్సులో టికెట్ కొట్టిన ప్రతివాళ్లకీ చెప్తున్నారట.

“మా అమ్మాయికి సీటొచ్చిందండీ. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూర్చుని చూశారండీ. ఇంగ్లీషు రాదని తేల్చుకున్నాకే ఇచ్చారండీ!”